రహస్యం అమ్మినవాడికి జైలు, కొన్నవాడికి విమానం

2019 డిసెంబరు 20వ తేదీన రాష్ట్ర పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. నౌకాదళంలో పనిచేస్తున్న ఏడుగురినీ, డబ్బు చేరవేశాడన్న ఆరోపణపై ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేసినట్లు అందులో ఉంది. కేంద్ర ఇంటెలిజెన్స్, నౌకాదళ ఇంటెలిజెన్స్ శాఖలతో కలిసి సాగించిన ఈ గాలింపునకు పోలీసులు పెట్టుకొన్న పేరు 'ఆపరేషన్ డాల్ఫిన్ నోస్'. విశాఖ రేవు నోట కాపలాదారులా నిలిచిన కొండ పేరే అది.

ఉత్తర కోస్తా జిల్లాల్లో ఈ వార్త పట్టణాలలో కన్నా పల్లెల్లో ఎక్కువ కలవరం రేపింది. శ్రీకాకుళం, విజయనగరం పక్క సైన్యంలోనో నౌకాదళంలోనో బిడ్డ లేని ఊరు అరుదు. ఇంటర్ కాగానే పరుగు పందేలు ప్రాక్టీసు చేసి, సెలక్షన్లకు వెళ్ళి, ఉద్యోగం వచ్చిందంటే ఊరంతా మిఠాయి పంచుకొనే ప్రాంతమిది. అలాంటి కుర్రవాళ్ళే, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కానివాళ్ళు, పాకిస్తాన్ గూఢచారులకు సమాచారం ఇచ్చారన్న ఆరోపణ వచ్చేసరికి తల్లిదండ్రులకు దిక్కు తోచలేదు.

విజయవాడలోని కౌంటర్ ఇంటెలిజెన్స్ పోలీసు స్టేషన్లో నమోదైన ఈ కేసును ఆ నెలాఖరుకే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్.ఐ.ఎ. చేపట్టింది. అరెస్టయిన నౌకాదళ సిబ్బంది సంఖ్య పదకొండుకు పెరిగింది. 2020 జూన్‌లో 14 మందిపై అభియోగపత్రం దాఖలయింది. ఆ తరువాతి సంవత్సరాలలో వీరిలో కొందరికి శిక్షలు కూడా పడ్డాయి.

ఇంతకూ ఆ కుర్రవాళ్ళు చేశారంటున్నదేమిటి? దర్యాప్తు అధికారులు చెప్పినదాని ప్రకారం, ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయాలు మొదలయ్యాయి. కబుర్లు సాగాయి. చనువు పెరిగిన తరువాత అవతలివాళ్ళు ఒక్కొక్క ప్రశ్నే అడగసాగారు. ఏ ఓడ బయలుదేరింది, ఏది ఎక్కడ ఉంది, జలాంతర్గామి రేవులో ఉందా లేదా అని. మొదట ముచ్చటగా సాగినదే తరువాత బెదిరింపుగా మారింది. డబ్బు హవాలా దారిలో వచ్చింది.

విశాఖ బీచి రోడ్డులో బఠాణీలు అమ్ముకొనే మనిషికి కూడా ఓడ కనబడుతుంది గదా, ఇందులో రహస్యమేముందని కొందరి సందేహం. ఒడ్డున నిలబడిన వాడికి కనబడేది ఓడ. అది ఎప్పుడు తిరిగి వస్తుంది, దాని వెంట ఇంకేమి వెళ్ళాయి, ఏది మరమ్మతులో ఉంది, నీటి అడుగున ఏది కదిలింది అన్నవి అతడికి కనబడవు. తూర్పు నౌకాదళానికి ప్రధాన స్థావరం విశాఖ. దేశంలోనే నిర్మించిన మొదటి అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జూలై 26న నీటిలోకి దింపినదీ ఇక్కడే. జలాంతర్గామికి ఉన్న బలమంతా అది ఎక్కడ ఉందో శత్రువుకు తెలియకపోవడంలోనే ఉంది. ఒక్కొక్క కుర్రవాడు చెప్పిన ముక్క చిన్నదే కావచ్చు. ముంబయిలో ఒకడు, కార్వార్‌లో ఒకడు, విశాఖలో ఒకడు చెప్పిన ముక్కలు ఒకచోట కుప్ప పోసినవాడికి మొత్తం బొమ్మ కనబడుతుంది.

ఢిల్లీలో సాయంత్రం పోయి ఉదయం వచ్చిన ఫైళ్ళు

ఫేస్‌బుక్కులూ సెల్‌ఫోన్లూ లేని రోజుల్లో కూడా కథ పెద్దగా వేరుగా లేదు. 1985 జనవరిలో బయటపడిన కుమార్ నారాయణ్ కేసు నేటి యువతరానికి తెలియదు. తెలుసుకోదగ్గది.

ఇందిరాగాంధీ హత్య జరిగి మూడు నెలలు కాలేదు. ఎన్నికల్లో ఘన విజయం సాధించి రాజీవ్ గాంధీ కొత్తగా ప్రభుత్వం ఏర్పాటు చేశారు. జనవరి 18న ఆయన పార్లమెంటులో లేచి, అత్యున్నత కార్యాలయాల నుంచి రహస్య పత్రాలు విదేశీయుల చేతికి పోతున్నాయని ప్రకటించేసరికి దేశం నిర్ఘాంతపోయింది. పత్రాలు పోయినది ఏ మారుమూల కార్యాలయం నుంచో కాదు. సాక్షాత్తూ ప్రధానమంత్రి సచివాలయం నుంచి, రక్షణ శాఖ నుంచి, రాష్ట్రపతి కార్యాలయం నుంచి.

దీనికంతటికీ కేంద్రంగా ఉన్నవాడు కుమార్ నారాయణ్. ఒక ప్రైవేటు కంపెనీకి ఢిల్లీలో ప్రతినిధి. అతడూ ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగ్రాఫరుగా పనిచేసినవాడే. ఏ ఫైలు ఏ బల్ల మీదికి వస్తుందో, అధికారి ఇంటికి వెళ్ళాక దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో అతడికి ఒకరు చెప్పనక్కరలేదు.

పద్ధతి చాలా తేలిక. సాయంత్రం కార్యాలయం మూసే వేళకు పత్రాలు సంచిలో పడి బయటికి వస్తాయి. నారాయణ్ ఉన్నచోట ఫోటోస్టాట్ యంత్రం ఉంటుంది. నకళ్ళు తీసుకొంటారు. మర్నాడు ఉదయం అధికారి కుర్చీలో కూర్చొనే లోపల అసలు పత్రాలు యథాస్థానంలో ఉంటాయి. ఏదీ పోలేదు కనుక ఎవరికీ అనుమానం రాదు. దొంగతనం జరిగితే ఇంట్లో వస్తువు కనబడకుండా పోవాలి. ఇక్కడ వస్తువు ఇంట్లోనే ఉంది, దొంగతనం మాత్రం ఏళ్ళ తరబడి సాగింది.

తెచ్చిచ్చినవారెవరు? పర్సనల్ అసిస్టెంట్లు, స్టెనోలు, గుమాస్తా స్థాయి ఉద్యోగులు. వారికి ముట్టినదేమిటి? కొంత నగదు, విదేశీ విస్కీ సీసాలు అని ఆనాటి పత్రికలు రాశాయి. దేశ రక్షణ వ్యవహారాలున్న కాగితం వెల ఒక సీసా! చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉంది. తహసీలు కార్యాలయంలో అడంగల్ నకలు కోసం గుమాస్తా చేతిలో నోటు పెట్టడం తెలియని రైతు లేడు. ఆ చేయి, ఆ నోటు ఢిల్లీలో కూడా అవే. కాగితం మాత్రమే వేరు.

ప్రధానమంత్రి ముఖ్య కార్యదర్శి పి.సి. అలెగ్జాండర్ సొంత సిబ్బందిలోని వారే పట్టుబడడంతో ఆయన నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. ఆయన మీద ఏ నేరారోపణా లేదు. తరువాతి కాలంలో ఆయన తమిళనాడుకూ, మహారాష్ట్రకూ గవర్నరుగా కూడా పనిచేశారు.

పత్రాలు కొన్నవారి మాట చూద్దాం. ఫ్రాన్స్ రాయబార కార్యాలయంలో సైనిక వ్యవహారాలు చూసే ఒక అధికారి హడావుడిగా దేశం విడిచి వెళ్ళిపోయాడు. ఫ్రెంచి రాయబారినే ఆ దేశం వెనక్కు పిలిపించుకోవలసి వచ్చింది. తూర్పు ఐరోపా దేశాల దౌత్య సిబ్బంది పేర్లు కూడా వినవచ్చాయి. ఎవరినీ అరెస్టు చేయలేదు, చేయడానికి వీలూ లేదు. దౌత్యాధికారులను ఆతిథ్య దేశం అరెస్టు చేయరాదని 1961 నాటి వియన్నా ఒప్పందం చెబుతుంది. మహా అయితే 'అవాంఛనీయ వ్యక్తి' అని ప్రకటించి పంపివేయవచ్చు. అంటే కొన్నవాడికి విమానం టిక్కెట్టు, అమ్మినవాడికి తీహార్ జైలు. ఫ్రాన్స్ శత్రు దేశం కూడా కాదు, మనకు యుద్ధ విమానాలు అమ్ముతున్న మిత్ర దేశం. బేరమాడే వాడికి అవతలివాడి మనసులో ధర తెలిస్తే ఎంత లాభమో ఎడ్ల సంతకు వెళ్ళినవారికి చెప్పనక్కరలేదు.

కేసు విచారణ పదిహేడేళ్ళు సాగింది. కుమార్ నారాయణ్ తీర్పు వినకుండానే 2000లో మరణించాడు. 2002లో ఢిల్లీ కోర్టు పదమూడుగురికి శిక్షలు వేసింది. వారిలో ఎక్కువమంది ఆ చిన్న ఉద్యోగులే. అరెస్టయిన నాడు పిల్లలు బడికి వెళుతున్న వయసు వారు. తీర్పు వచ్చేనాటికి మనుమలను ఎత్తుకొనే వయసు వారు.

ఎలా పట్టుకొంటారు?

రహస్యం బయటపడిన సంగతి ముందు తెలియాలి. అదే కష్టం. సాధారణంగా మన దగ్గర మాత్రమే ఉండవలసిన మాట అవతలివాడి నోట వినబడినప్పుడు అనుమానం మొదలవుతుంది. అప్పుడు దర్యాప్తు వెనక్కు నడుస్తుంది. ఆ కాగితం ఎన్ని ప్రతులు తయారైంది, ఎవరెవరికి పంపారు, ఎవరు సంతకం చేసి తీసుకొన్నారు, ఏ రాత్రి ఎవరి బీరువాలో ఉంది అని. ఈ రోజుల్లోనైతే ఫోను ఎవరిది, ఏ నంబరుకు ఏ రోజు ఏ ఫోటో వెళ్ళింది, ఆ మర్నాడు బ్యాంకు ఖాతాలో ఎంత పడింది అన్నవి చూస్తారు. జీతానికి మించిన మోటారు సైకిలు, చెప్పుకోలేని నగదు, తేదీలతో సరిపోయే రాకపోకలు దొరికితే కేసు నిలుస్తుంది. 1985లో నిలిచింది అందుకే. నకళ్ళు దొరికాయి, యంత్రం దొరికింది, మనుషులు వచ్చి వెళ్ళే వేళలు దొరికాయి.

ఇవేవీ లేకుండా వదంతితో మొదలై, వాంగ్మూలంతో ముగిసే దర్యాప్తు కూడా ఉంటుంది. దాని ఫలితం ఏమిటో తెలుసుకోవాలంటే కేరళకు వెళ్ళాలి.

నంబి నారాయణన్ యాభై రోజులు

1994 అక్టోబరులో తిరువనంతపురంలో వీసా గడువు దాటి ఉన్నదని మాల్దీవులకు చెందిన ఒక మహిళను పోలీసులు అరెస్టు చేశారు. మామూలుగా ఇది చిన్న కేసు. ఆమె డైరీలో, టెలిఫోనుల్లో ఇస్రో శాస్త్రవేత్త ఒకరి పేరు కనబడగానే అది గూఢచర్యం కేసుగా పెరిగింది. రాకెట్ రహస్యాలు పాకిస్తాన్‌కు అమ్మారన్నారు. నవంబరు 30న క్రయోజనిక్ ఇంజను పథకానికి అధిపతిగా ఉన్న నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. మొత్తం ఆరుగురు నిందితులయ్యారు. పత్రికలు రోజుకొక కథ అచ్చువేశాయి. ఇందులో పత్రికల పాత్ర చెప్పుకోదగ్గదిగా లేదనే ఒప్పుకోవాలి. రాజకీయంగా కూడా దుమారం రేగి, 1995 మార్చిలో ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవి వదులుకోవలసి వచ్చింది.

అమ్మారంటున్నది క్రయోజనిక్ ఇంజను రహస్యం. అత్యంత శీతల ద్రవ ఇంధనాలతో పనిచేసే ఆ ఇంజను అప్పటికి మన దేశం దగ్గర లేనే లేదు. రష్యా ఇస్తానన్న పరిజ్ఞానాన్ని అమెరికా ఒత్తిడితో 1993లో నిలిపివేసింది. దొడ్లో లేని ఎద్దును సంతలో అమ్మినట్లుంది ఆరోపణ. ఈ ఒక్క ప్రశ్న మొదటి రోజునే ఎవరైనా అడిగి ఉంటే కేసు అక్కడితో ఆగేది.

డిసెంబరులో కేసు సి.బి.ఐ. చేతికి వచ్చింది. 1996లో ఆరోపణలు అబద్ధమని సి.బి.ఐ. నివేదిక ఇవ్వగా కోర్టు అంగీకరించింది. కేరళ ప్రభుత్వం మళ్ళీ దర్యాప్తు చేస్తానంటే 1998లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటికే నారాయణన్ యాభై రోజులు జైల్లో గడిపారు. ప్రశ్నించే సమయంలో తనను హింసించారని ఆయన చెప్పారు. దేశద్రోహి ఇల్లని వీధిలో వారు వేలు చూపిన ఏళ్ళు వేరు. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనను అనవసరంగా అరెస్టు చేసి వేధించారని తేల్చి, రూ.50 లక్షల పరిహారం ఇమ్మంది. పోలీసుల పాత్రపై విచారణకు జస్టిస్ డి.కె. జైన్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2019లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. 24 ఏళ్ళు పట్టింది.

ఆ కేసు దెబ్బతో క్రయోజనిక్ పథకమే ఏళ్ళ తరబడి వెనుకబడిందని నారాయణన్ వాదన. సొంత క్రయోజనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి. రాకెట్ విజయవంతంగా ఎగిరినది 2014 జనవరి 5న, మన శ్రీహరికోట నుంచే. గూఢచారి దేశానికి ఎంత నష్టం చేస్తాడో, తప్పుడు గూఢచారి కేసు కూడా అంత నష్టం చేయగలదనడానికి ఇంతకన్నా దాఖలా ఏం కావాలి?

ఏ ఇంటికైనా రావచ్చు

విశాఖ కేసు తరువాత ఇలాంటివి ఆగలేదు. 2022 జూన్‌లో హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాలలో పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగి ఒకరిని, ఆడపేరుతో వచ్చిన ఫేస్‌బుక్ పరిచయానికి సమాచారం ఇచ్చాడన్న ఆరోపణపై రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. వల అదే, గాలం అదే. చేపలే కొత్తవి. సైన్యంలో చేరిన కుర్రవాడికి నెల నెలా జీతం, ఊరికి దూరం, రాత్రి పూట ఒంటరితనం. ఇటువంటి వాడినే ఎంచుకొంటారు. పెద్ద అధికారిని పట్టడం కష్టం, ఖరీదు కూడా. 2019 చివరలోనే నౌకాదళం యుద్ధనౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్ ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. అయితే సెలవుకు ఇంటికి వచ్చిన కొడుకు అరుగు మీద కూర్చొని ఫోను చూస్తుంటే ఏ నిషేధం పనిచేస్తుంది? బంధువులు, స్నేహితులు 'ఇప్పుడు ఏ ఓడలో ఉన్నావురా, ఎటు వెళుతున్నారు' అని అడగడం, వాడు గొప్పగా చెప్పడం, చెల్లెలో తమ్ముడో ఓడ ముందు తీసిన ఫోటో అందరికీ పంపడం కూడా మానుకోవలసిన అలవాట్లే. అడిగేది ఆప్యాయతతోనే అయినా, ఆ ఫోటో ఎన్ని చేతులు మారుతుందో పంపినవారికి తెలియదు.

ఈ కేసుల్లో ప్రయోగించే చట్టం 1923 నాటిది. బ్రిటిషువారు చేసిన అధికార రహస్యాల చట్టం అది. రక్షణకు సంబంధించిన గూఢచర్యానికి 14 ఏళ్ళ దాకా శిక్ష వేయవచ్చు. మామూలు నేరంలో పోలీసులే నేరం రుజువు చేయాలి. ఇందులో నిందితుడి నడవడిని, పరిస్థితులను బట్టి కూడా అతడి ఉద్దేశం దేశానికి హానికరమని కోర్టు నిర్ధారణకు రావచ్చు. విదేశీ గూఢచారి పేరో చిరునామానో దగ్గర దొరికితే, కాదని రుజువు చేసుకొనే భారం నిందితుడి మీద పడుతుంది. 'రహస్యం' అంటే ఏమిటో మాత్రం ఈ చట్టం ఎక్కడా నిర్వచించలేదు! ఫైలు మీద ముద్ర వేసినవాడు రహస్యమంటే రహస్యమే. వందేళ్ళు దాటినా ఏ ప్రభుత్వమూ దీనిని సరిదిద్దకపోవడం గమనించదగ్గది.

దీనికి తోడు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కూడా పెడితే, అభియోగపత్రం లేకుండానే 180 రోజుల దాకా నిర్బంధంలో ఉంచే వీలుంది. బెయిలు దొరకడం గగనం. ఆరు నెలలంటే పల్లెలో ఒక పంట కాలం. ఆ కాలమంతా కొడుకు ఏ జైల్లో ఉన్నాడో, చేసిందేమిటో తెలియక, చుట్టుపక్కల వారి చూపులు భరిస్తూ కుటుంబం బతకాలి. దోషి అయితే శిక్ష పడవలసిందే. కానీ దోషి అని కోర్టు చెప్పేవరకు ఆ ఇంటితో పలకరింపులు మానివేసే హక్కు ఊరికి ఎవరిచ్చారు? నంబి నారాయణన్‌కు సుప్రీంకోర్టు దాకా వెళ్ళే చదువు, పట్టుదల ఉన్నాయి. రెండెకరాల రైతు కొడుకుకు ఎవరున్నారు?

చట్టంలోనే కొన్ని ఆసరాలున్నాయి. అరెస్టు చేసిన 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు సంగతి ఇంటివారికి తెలియజేయాలి. నిర్బంధంలో ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును ఏర్పాటు చేయించుకొనే హక్కు ఉంది. దీనికి ఆస్తి, ఆదాయం లెక్కలు అడ్డురావు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఈ సంస్థ కార్యాలయం ఉంటుంది. తెల్లకాగితంపై దరఖాస్తు ఇచ్చినా చాలు. పోలీసు అధికారి ముందు ఒప్పుకొన్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి 'ఒప్పుకొన్నాడట' అని రచ్చబండ దగ్గర చెప్పుకొనే మాటకు న్యాయస్థానంలో విలువ లేదు. అధికార రహస్యాల చట్టం కింద ప్రభుత్వం అధికారమిచ్చి ఫిర్యాదు చేయించనిదే కోర్టు కేసును విచారణకు తీసుకోరాదు. దేశ భద్రత దృష్ట్యా ప్రేక్షకులను బయటికి పంపి, తలుపులు మూసి విచారణ జరపమని ప్రభుత్వం కోరవచ్చు. శిక్షను మాత్రం బహిరంగంగానే చదవాలని అదే చట్టం నిర్దేశిస్తున్నది.